స్టాష్ యూరిక్ చేతికి చిక్కిన చేతులు

స్టాష్ యూరిక్ చేతికి మన చెయ్యి చిక్కితే తిరిగి రావడానికి కనీసం రెండు నిమిషాలు పడుతుంది. అందరూ కరచాలనం చేస్తారు, స్టాష్ కొలత తీసుకుంటాడు. కళ్లు మూసుకుని అరచేతి వెడల్పు, వేళ్ల పొడవు, బొటనవేలి మొదట్లో కండ ఎంతుందో వరసగా నొక్కి చూసుకుంటాడు. అప్పుడు వదిలిపెట్టి, ఆ మనిషికి ఎలాంటి రివాల్వర్ పిడి సరిపోతుందో చెబుతాడు. ఆ మనిషి జన్మలో రివాల్వర్ ముట్టుకోలేదన్న సంగతి అతనికి అడ్డు కాదు.

స్లేట్ హాలో ఊళ్లో ఆదివారం ప్రార్థన ముగిశాక ఫాదర్ డొమినిక్ గుమ్మంలో నిలబడి అందరికీ చెయ్యి అందిస్తారు. స్టాష్ వంతు వచ్చేసరికి వరస ఆగిపోతుంది.

"ఫాదర్, మీ చిటికెన వేలు పొట్టి. మీకు అడుగున సన్నగా ఉన్న పిడి కావాలి."

"నేను తుపాకీ కాల్చను, స్టాష్."

"ఎప్పుడైనా బుద్ధి పుడితే ఇబ్బంది పడకూడదు కదా."

వెనకాల నలభై మంది, పెన్సిల్వేనియా చలిలో కాళ్లు మార్చుకుంటూ నిలబడి ఉంటారు. ఫాదర్ కొన్నాళ్లు తెలివిగా రెండు చేతుల్లోనూ ప్రార్థన పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఆ పుస్తకాలు పట్టుకున్న తీరు చూసి స్టాష్ కొలత సరిచేసుకున్నాడు.

ఒకసారి ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి ఊరికొచ్చాడు. స్టాష్ చెయ్యి పట్టుకుని ఎంతకీ వదలకపోయేసరికి ఆయనకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత అభిమానం ఏ ఊళ్లోనూ చూడలేదన్నాడు. "మీకు ట్రిగ్గర్ అందదండీ," అన్నాడు స్టాష్ జాలిగా.

అతని భార్య ఐరీన్ తన పెళ్లి సంగతి కూడా ఇలాగే చెబుతుంది. "మిల్లు హాల్లో పోల్కా డాన్స్ ఆడుతున్నాం. పాట అయిపోయినా చెయ్యి వదల్లేదు. ప్రేమనుకున్నా. మూడో పాటకి 'నీ మధ్యవేలు పొడుగు' అన్నాడు. ఏం లాభం, అప్పటికే మా అమ్మ చూసేసింది."

డోలొరెస్ హుడాక్ ఇవన్నీ కళ్లారా చూసిన మనిషి. ఊరి బడి వంటశాలలో ముప్పై ఏళ్లు పెద్ద వంటగత్తెగా చేసి దిగిపోయింది. డెబ్బై ఒకటో ఏట కూడా ప్రతి గురువారం రివాల్వర్ క్లబ్బుకు వచ్చి, తన ఈడువాళ్లనీ తన కొడుకు ఈడువాళ్లనీ కూడా ఓడించి ఇంటికి పోతుంది. ఆమె కాల్చేది వాళ్ల నాన్న రివాల్వరే. ఆయన ఉక్కు మిల్లు గేటు దగ్గర కాపలా ఉండేవాడు. ఆ పిడి వాల్‌నట్ చెక్కది. ఎడమ వైపు అడుగున చిన్న నొక్కు ఉంటుంది. ఒక క్రిస్మస్ ముందురోజు భోజనాల దగ్గర కాయలు పగలగొట్టే పటకారు కనబడక, ఆయన తూటాలు తీసేసిన రివాల్వర్ తిరగేసి దాని పిడితో వాల్‌నట్ కాయ కొట్టాడు. కాయ పగిలింది, పిడికి నొక్కు పడింది. వాళ్లమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. ఆ నొక్కు మీద వేలు పెట్టినప్పుడల్లా డోలొరెస్‌కు నాన్న పక్కన కూర్చున్నట్టుంటుంది.

పిడి గురించి స్టాష్ దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. పిడి లావైతే వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కు అందుతుంది, గురి పక్కకు పోతుంది. సన్నదైతే ట్రిగ్గర్ వెనక ఖాళీ మిగిలి, పేలినప్పుడల్లా ఇనుము వచ్చి మధ్యవేలి కణుపును కొడుతుంది. "చెప్పు కరిస్తే మార్చేస్తారు," అనేవాడు. "పిడి కరిస్తే మాత్రం మగతనం అనుకుని ఓర్చుకుంటారు."

ఈ సిద్ధాంతానికి క్లబ్బులో ఒకే ఒక్క శత్రువు, వాల్ట్ జెండర్. పాత రివాల్వర్లు సేకరిస్తాడు, కాల్చడు. తెల్ల నూలు గ్లవ్స్ వేసుకోకుండా వాటిని ముట్టుకోడు. ఆ గ్లవ్స్ పుణ్యమా అని ఊరు మొత్తం మీద స్టాష్‌కు కొలత చిక్కని మనిషి అతనొక్కడే.

"పిడి మార్చిన రివాల్వర్, తల మార్చిన ఫొటో ఒకటే," అనేవాడు వాల్ట్.

"నువ్వు కాల్చవు కాబట్టి నీకేం. పెళ్లాన్ని కూడా డబ్బాలో పెట్టి చూసుకునేవాడివే," అనేవాడు స్టాష్.

"అందుకే మా ఆవిడ ఇంకా కొత్తగా ఉంది."

నాలుగేళ్లుగా స్టాష్‌కు డోలొరెస్ పిడి మీద పిచ్చి పట్టింది. ఐదారు నెలలకోసారి ఆమె చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, తెరిచి, "నీ పిడికి చెమ్మ పట్టింది," అనేవాడు. మర మేకు తిప్పి రెండు చెక్కలూ ఊడదీసి జేబులో వేసుకుని, వాటి స్థానంలో రబ్బరు పిడి ఒకటి బిగించి ఇచ్చేవాడు.

"జనవరిలో చెమ్మేమిటి స్టాష్? బయట నా ముక్కు గడ్డకట్టింది."

"చెక్కకి క్యాలెండర్ తెలీదు, డోలొరెస్."

రెండు వారాలకు పిడి తిరిగి వచ్చేది, అదే రంగు, అదే మెరుపు, అదే నొక్కు. ఆ గురువారమే ఐరీన్ పంపిన నట్ రోల్, అదే పప్పు కూరి చుట్టిన తీపి రొట్టె, కూడా క్లబ్బు బల్ల మీద ఉండేది, ఒకటి కాదు, నాలుగైదు. ఏ పండగా లేకుండా ఇన్ని నట్ రోల్స్ ఎందుకని ఎవరూ అడగలేదు. తినేవాళ్లకు కారణాలు అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం డోలొరెస్‌కు వింతగా ఉండేది. ఈమధ్య ఊరగాయ సీసా మూత తిప్పబోతే బొటనవేలి మొదట్లో సూది దిగినట్టయ్యేది. కోటు గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. రివాల్వర్ పట్టుకుంటే మాత్రం ఏ నొప్పీ లేదు. రివాల్వర్ పట్టగల చేతికి జబ్బేమిటి, సీసాల మూతలే ఈమధ్య గట్టిగా బిగిస్తున్నారు అని తేల్చుకుంది. ఎవరికీ చెప్పలేదు.

మార్చిలో క్లబ్బు హాల్లో పాత రివాల్వర్ల ప్రదర్శన పెట్టారు. డోలొరెస్ నాన్న రివాల్వర్ తెచ్చి తెల్ల గుడ్డ మీద పెట్టింది. వాల్ట్ సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందని చూసుకుని, లోపలి నంబరు కూడా చూస్తానన్నాడు. ఆ కాలపు రివాల్వర్లకు కుడి చెక్క లోపలి వైపు, ఇనుము మీదున్న నంబరునే పెన్సిల్‌తో రాసేవారు. అది కలిస్తేనే ఆ పిడి ఆ రివాల్వర్‌తో పుట్టినట్టు.

వాల్ట్ మేకు తిప్పాడు. కుడి చెక్క వెనక్కి తిప్పి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇది మీ నాన్నది కాదు, డోలొరెస్."

"పిచ్చి మాటలాడకు. ఆ నొక్కు చూడు."

"నొక్కు సంగతి నాకు తెలీదు. ఇక్కడ నంబరు లేదు. 'డి. హెచ్. 7' అని ఉంది. చెక్క కూడా కొత్తది." గొంతు తగ్గించాడు, తగ్గించినా హాలంతా వినబడింది. "నాలుగేళ్లుగా దీన్ని ఊడదీసి జేబులో వేసుకెళ్తున్నది ఎవరు?"

స్టాష్ అప్పుడే వంటగది వైపు నుంచి కాగితం పళ్లెంలో సాసేజ్‌తో వచ్చాడు. అందరూ తనవైపే చూస్తుంటే మూతికి ఆవ సాస్ అంటిందేమో అనుకుని తుడుచుకున్నాడు.

"మా నాన్న పిడి ఏది, స్టాష్?" అంది డోలొరెస్.

స్టాష్ చెక్క వైపు చూశాడు, వాల్ట్ వైపు చూశాడు, సాసేజ్ వైపు చూశాడు. "చెమ్మ పట్టిందని," అని మొదలుపెట్టి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "రేపు ఇంటికి రా. చెప్తా."

"దొంగలు కూడా రేపు రమ్మనే అంటారు," అన్నాడు వాల్ట్.

డోలొరెస్ ఆ చెక్కను వాల్ట్ చేతిలోంచి లాక్కుంది. పోయింది చెక్కే కావచ్చు. కానీ దాన్ని అరగదీసింది నాన్న చెయ్యి. అది పోతే నాన్న రెండోసారి పోయినట్టే. దాంతోపాటు నలభై ఏళ్ల స్నేహం కూడా. "రేపు కాదు, ఇప్పుడే," అని చెక్కలూ రివాల్వరూ సంచిలో వేసుకుని కోటు తీసుకుంది. గుండీలు పెట్టుకోకుండానే బయల్దేరింది. స్టాష్ ముందు, వాల్ట్ గ్లవ్స్‌తోనే వెనక నడిచారు.

తలుపు తీసిన ఐరీన్ ముగ్గురి మొహాలూ చూసి, "అయ్యో, తెలిసిపోయిందా," అని పక్కకు జరిగింది.

నేలమాళిగలో స్టాష్ పనిబల్ల, దాని పైన గోడ పొడుగునా అలమర, నిండా చుట్టల పెట్టెలు. ప్రతి పెట్టె మీదా ఒక పేరు. ఫాదర్ డొమినిక్ పేరు కూడా ఉంది. స్టాష్ ఒక పెట్టె దించి బల్ల మీద పెట్టి, దోషిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పైన మెత్తటి గుడ్డలో చుట్టిన పిడి. వాల్ట్ విప్పి, కుడి చెక్క లోపలి నంబరు చదివి, రివాల్వర్ మీది నంబరు చదివి, మళ్లీ రెండూ చదివాడు. "కలిసింది," అన్నాడు. "నూనె కూడా పట్టించాడు. నా దగ్గరున్నవాటి కంటే బాగుంది." ఆ చివరి మాట చెప్పడానికి అతనికి కొంచెం కష్టమైంది.

డోలొరెస్ అక్కడున్న పీపా మీద కూలబడింది. పెట్టెలో ఇంకా ఆరు పిడులున్నాయి, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలతో. అన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నిటికీ ఎడమ వైపు అడుగున నొక్కు.

"ఏమిటివన్నీ?"

"ముందు మీ నాన్నది బిగించి పట్టుకో."

ఆమె పట్టుకుంది. బొటనవేలి మొదట్లో సూది దిగింది. చెయ్యి దానంతట అదే తెరుచుకుంది. స్టాష్ ఒకటో పిడి బిగించాడు, నొప్పి కాస్త తగ్గింది. నాలుగోదానికి ఇంకాస్త. ఏడోది పట్టుకుంటే నొప్పే లేదు. ఒక్కో పిడికీ వెనకవైపు వెంట్రుకవాసి కండ పెరిగింది, బొటనవేలి దగ్గర వెంట్రుకవాసి తగ్గింది. మొదటిదాన్నీ ఏడోదాన్నీ పక్కపక్కన పెడితే తప్ప కంటికి తెలియదు.

"నాలుగేళ్ల కిందట ఈస్టర్‌కి చర్చిలో నీ చెయ్యి పట్టుకున్నాను," అన్నాడు స్టాష్. "కీలు వాచి ఉంది. అది ఇంకా పెరుగుతుందని తెలుసు. మా అమ్మ చెయ్యి కూడా అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"బౌలింగ్ ఆడొద్దని డాక్టరు అన్నరోజు ఏం చేశావు? ఆ సాయంత్రమే బంతి, బూట్లు, సంచీ ఎవరికో ఇచ్చేశావు. దీన్ని కూడా ఇచ్చేస్తావు. ఇచ్చేసి మీ ఇంట్లో కూర్చుని టీవీని తిడతావు."

డోలొరెస్ ఏడో పిడిని ఇటూ అటూ తిప్పి చూసింది.

"మరి నాన్న పిడినే చెక్కి ఉండొచ్చుగా?"

"మీ నాన్న చెయ్యి అరగదీసిన చెక్కని నేను ఉప్పుకాగితం పెట్టి అరగదియ్యనా?" అన్నాడు స్టాష్, తనని నిజంగానే దొంగ అన్నట్టు నొచ్చుకుని.

"ఈ నొక్కు ఎలా వేశావు? ఆకురాయితోనా?"

"ఆకురాయితో వేస్తే ఆకురాయి నొక్కే వస్తుంది. వాల్‌నట్ కాయలతోనే కొట్టాను. సరైన చోట సరైన నొక్కు పడేదాకా. పడకపోతే ఇంకో పిడి, ఇంకో బస్తా."

మెట్ల మీద నుంచి ఐరీన్ గొంతు వినిపించింది. "నాలుగేళ్లుగా ఆ పప్పంతా ఏం చెయ్యాలో తెలీక నట్ రోల్స్ చుడుతున్నాను తల్లీ. నా చేతులు కూడా పడిపోతున్నాయి. నా చెయ్యి మాత్రం పోల్కా తర్వాత మళ్లీ పట్టుకోలేదు ఈ మనిషి."

డోలొరెస్ ముందు నవ్వింది. ఆ నవ్వు ఆగక, పీపా మీద నుంచి పడబోతే వాల్ట్ పట్టుకున్నాడు. తర్వాత వాల్ట్ అలమరలోని పెట్టెల మీది పేర్లన్నీ చదివాడు.

"నా పేరు లేదేం?"

"గ్లవ్స్ మీద కొలత రాదు."

వాల్ట్ ఇటూ అటూ చూసి, కుడి చేతి గ్లవ్ తీసి, చెయ్యి చాపాడు. స్టాష్ కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు కొలత ఆరు నిమిషాలు పట్టింది. ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన చెయ్యి మరి.

తర్వాతి గురువారం ఆకాశంలో మబ్బుతునక లేదు, ఆరేసిన బట్ట గంటలో ఎండిపోయే రోజు. క్లబ్బులో డోలొరెస్ తనే వచ్చి స్టాష్ ముందు చెయ్యి చాపింది. అతను పట్టుకుని కళ్లు మూసుకుని, తెరిచాడు.

"ఏమంటోంది?"

"గాలిలో చెమ్మ ఉంది."

ఆమె మర మేకు తిప్పి, ఏడో పిడి ఊడదీసి అతని జేబులో తనే వేసింది.

"ఐరీన్‌తో చెప్పు. ఈసారి చక్కెర కాస్త తగ్గించమని."