పారాయణానికి తీసిన దిష్టి

మా ఇంటికీ పంజాబు వాళ్ళ హోటలుకీ మధ్య ముళ్ళకంచె ఒకటే అడ్డం. ఎనభైల్లో మాట ఇది. ఒంగోలు వెళ్ళే పెద్ద రోడ్డు మీద లారీల వాళ్ళంతా అక్కడే ఆగి రొట్టెలు తినేవాళ్ళు. హోటలు నడిపే ఆ మొగుడూ పెళ్ళామూ తెల్లవారుతూనే చిన్న పుస్తకం ముందు పెట్టుకుని వాళ్ళ దేవుడి మాటలు కలిసి చదివేవాళ్ళు. నేను వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే ఆ రెండు గొంతులూ వినపడేవి.

ఒక ఏడు ఆయన సరుకు కోసం లారీలో వెళ్ళి, కనిగిరి దారిలో అది తిరగబడితే చనిపోయాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో చదువు లేదు. పుస్తకం తెరిస్తే గొంతు పెగలడం లేదని ఆవిడ నాతో చెప్పుకుంది.

కల్లాల్లో మిరపకాయలు ఆరే రోజుల్లో ఆయన పేరిట పారాయణం పెట్టారు. వాళ్ళ పెద్ద గ్రంథం హైదరాబాదు నుంచి వచ్చింది. తెచ్చినాయన దాన్ని నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా నడిచి వచ్చాడు. ముందుగది కడిగి, పైన గుడ్డ పందిరి కట్టి, నేతిదీపం పెట్టారు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎక్కడా ఆపకుండా చదవాలి. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ పడుతుందన్నారు. ఒకరి వంతు అయ్యేసరికి ఇంకొకరు పక్కన చేరి గొంతు కలపాలి. అప్పుడు గాని మొదటివాళ్ళు లేవకూడదు. మా ఊళ్ళో ఏకాహం పెడితే రాత్రీ పగలూ భజన తెగనివ్వరు కదా, మా అత్తగారికి ఇట్టే అర్థమైంది.

హోటలావిడనీ ఒక వంతు చదవమన్నారు. తల అడ్డంగా ఊపి, బయట ముందుగది పక్కనున్న పొయ్యి దగ్గర కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ రొట్టెలు కాలుస్తుంటే నేను పిండి కలుపుతున్నాను.

"ఆయన బతుకు మధ్యలో తెగింది అక్కా. ఇదన్నా తెగకూడదు" అంది.

రెండో రోజు సాయంత్రానికి తలపాగాల వాళ్ళని చూడ్డానికి ఊరంతా కంచె దగ్గర చేరింది. ఇన్ని కళ్ళు పడితే పారాయణం ఏమవుతుందోనని మా అత్తగారికి బెంగ పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఉప్పూ, మా చేలో కాసిన ఎండుమిరపకాయలూ గుప్పెట పట్టి, ముందుగది గుమ్మానికి తిప్పి, తిన్నగా వచ్చి ఆ పొయ్యిలోనే వేసింది. పొయ్యేమో గది కిటికీ కింద. గాలి కూడా అటే.

గుంటూరు మిరపకాయ ఘాటులో పుట్టి పెరిగిన మాకే ఊపిరాడలేదు. లోపల చదువుతున్న ముసలాయన దగ్గాడు. తర్వాతి వంతుకని పక్కన కూర్చున్నతను కళ్ళు మూసుకుని బయటికి పరుగెత్తాడు. మిగతావాళ్ళు చదివి చదివి అలిసి రోడ్డవతల లారీల్లో పడుకుని ఉన్నారు. ముసలాయన దగ్గుకూ దగ్గుకూ మధ్య ఒక్కో మాటా లాక్కొస్తున్నాడు.

ఆవిడ లేచింది. "చేతుల మీద నీళ్ళు పొయ్యక్కా."

పోశాను. పిండి కడుక్కుని, చున్నీ చెంగు తడిపి ముక్కుకి అడ్డం కట్టుకుని లోపలికి వెళ్ళింది. ముసలాయన వేలు పెట్టిన చోట చూసి, ఆయన మాటలో మాట కలిపింది. ముందు గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత గొంతు వచ్చింది. అది నిలబడ్డాకనే ముసలాయన లేచాడు.

మా అత్తగారు పొయ్యిలో బిందెడు నీళ్ళు కుమ్మరించి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

పారాయణం ముగిశాక అందరి దోసిళ్ళలోనూ నెయ్యి కారే గోధుమ హల్వా పెట్టారు. మా అత్తగారు రాలేదు. హోటలావిడే ఆకులో పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఆగిందా అమ్మాయ్?" గోడకేసి చూస్తూ అడిగింది అత్తగారు.

"ఆగలేదమ్మా."

అత్తగారు అప్పుడు ఇటు తిరిగింది. "అంత ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టేలే. ఉంటే మిరపకాయ ఘాటే రాదు" అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. హోటలావిడ హల్వా మా అత్తగారి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా కాసేపు కూర్చుంది.

మర్నాడు గ్రంథం వెళ్ళిపోయింది. ఆ మరుసటి తెల్లవారి నేను వాకిలి ఊడుస్తుంటే కంచె అవతల నుంచి ఒక గొంతు వినపడింది. చిన్న పుస్తకంలోవే, ఇదివరకటి మాటలే. మా అత్తగారు లోపల్నుంచి వచ్చి, చీపురు చప్పుడు చెయ్యొద్దని నాకు చేత్తో సైగ చేసింది.