బోర్డు అవతల డెల్మా ప్రౌస్

బోర్డు మళ్ళీ నిటారుగా నిలబడి ఉంది. డెల్మా ప్రౌస్‌కి అదే నచ్చలేదు.

నిన్న సాయంత్రం గాలికి అది పక్కకు ఒరగడం ఆమె కళ్ళారా చూసింది. ఒరిగిన బోర్డు గాలి పని. నిలబడ్డ బోర్డు మనిషి పని. మనిషి చెయ్యి పడిన చోట ఏదో ఒక ఉద్దేశం లేకుండా ఉండదని ఆమె నమ్మకం. ఆమెకున్న నమ్మకాల్లో గట్టిది అదొక్కటే.

కళ్ళజోడు నుదుటి మీంచి దించి, వంగి చూసింది. తడి ఇసుకలో బూటు అచ్చు. పెద్ద పాదం, మడమ ఒక వైపు అరిగి ఉంది. బోర్డు దాటి కాస్త లోపలికి వెళ్ళి, నీలగిరి జాతి కారీ చెట్లు రాల్చిన బెరడులో కలిసిపోయింది. బోర్డు మీది ఎర్రటి అక్షరాలు తమకేమీ తెలియదన్నట్టు ఉన్నాయి: కార్చిచ్చు వల్ల, వంతెన పని వల్ల ఈ బాట మూసివేయడమైనది.

"ఎవడ్రా నువ్వు?" అంది డెల్మా, అచ్చుతో.

పైన ఎక్కడో నల్ల కాకటూ చిలుకలు నూనె లేని తలుపుల్లా కిర్రుమంటూ వానను పిలుస్తున్నాయి.

యార్నప్ ఊరి చివర ఆ కాలిబాట తారు రోడ్డును అడ్డంగా దాటుతుంది. ఉత్తరం నుంచి వారాల తరబడి నడిచి వచ్చే బాటసారులు, వీపున ఇల్లంత సంచులతో, రోడ్డు దాటి మళ్ళీ అడవిలోకి దిగి, ఏటి వంతెన మీదుగా దక్షిణాన సముద్రం దాకా పోతారు. అంత పొడుగు బాటను జీతగాళ్ళు ఎక్కడని చూస్తారు? ముక్కలు ముక్కలుగా దారిపొడుగునా ఊళ్ళవాళ్ళే పంచుకున్నారు. రోడ్డు గేటు నుంచి ఏటి దాకా ఉన్న ముక్క ప్రౌస్‌లది. సామిల్లు మూతపడినప్పుడు ఊరికే కూర్చోలేక డెల్మా భర్త లెస్ దాన్ని తీసుకున్నాడు. బతుకంతా కోసిన అడవిలో చివరి ఏళ్ళు ఆకులు ఊడ్చాడు. ఆయన పోయాక ఇనుప పళ్ళ చీపురు ఆమె చేతికొచ్చింది. పడిన కొమ్మలు కోయాలి. వాన నీరు పోవడానికి గాడి తీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, చెట్లకు కొట్టిన పసుపు రేకు బిళ్ళలు కనబడేలా పొదలు కత్తిరించాలి. మూడు మూలల బిళ్ళ అది. దాని కొస ఎటుంటే దారి అటు. బాటసారి దేవుడినైనా మర్చిపోతాడు గానీ బిళ్ళను మర్చిపోడు.

అనుమానం ఆమెకు వయసుతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. కసాయి కొట్లో కొన్న సాసేజీలను ఇంటికొచ్చి మళ్ళీ తూచేది. పొరుగావిడ ప్లమ్ జామ్ ఇస్తే, "మిగతా సీసాలకేమైంది?" అని అడిగేది. "పెళ్ళి చేసుకుంటావా అని మోకాలి మీద కూర్చుని అడిగితే, 'ఎందుకు?' అంది" అని లెస్ ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. మిల్లు క్యాంటీన్‌లో ఇరవై ఏళ్ళు వంట చేసిన మనిషి ఆమె. మిల్లు మూసేస్తున్నారని అందరికన్నా ముందు కనిపెట్టింది కూడా ఆమే. పెద్దదొరలు వచ్చి సూపు బాగుందని మెచ్చుకున్న రోజునే ఆమెకు అర్థమైపోయింది.

ఆ ఫిబ్రవరిలో నిప్పు పడమటి గుట్ట దిగి వచ్చింది. ఊరిని వదిలేసి, డెల్మా ముక్కను నిలువునా నాకేసింది. ఏటి మీది కర్రల వంతెన కాలి నీళ్ళలో కూలిపోయింది. బాట మూశారు. కొత్త వంతెన కట్టడానికి ఎక్కడినుంచో కాంట్రాక్టరు మనుషులు దిగారు. బాటసారులు యార్నప్‌లో ఆగి, మెర్వ్ ట్రెలోర్ వ్యాను ఎక్కి, రోడ్డు చుట్టూ తిరిగి ఏటి అవతల దిగాల్సి వచ్చింది.

అటవీశాఖ రేంజరు జోడీ డెల్మా వంటింట్లో టీ తాగుతూ ఉన్నమాట దాచకుండా చెప్పింది. "పైవాళ్ళు రెండు మాటలు అనుకుంటున్నారు డెల్మా. వంతెన పూర్తయ్యేదాకా లోపల ఎవరికీ ఏమీ కాకపోతే పాత దారే మళ్ళీ తెరుస్తారు. ఏదన్నా జరిగిందా, బాటను తూర్పు గుట్ట మీదికి మార్చేస్తారు. మీ ముక్క ఇంక ఉండదు."

"ఎవరు వెళ్తారు లోపలికి?" అంది డెల్మా.

"అదే నా భయం."

అప్పటినుంచీ డెల్మాకు నిద్ర లేదు, అనుమానం ఉంది. రోజూ పొద్దు వాలేటప్పుడు గేటు దగ్గరి ఇసుకను చదును చేసి వచ్చేది. తెల్లవారి చూస్తే అవే అచ్చులు. బాట మూసి ఉంటే లాభం ఎవరికి? ఆలోచించిన కొద్దీ ఆమె మనసు మెర్వ్ వ్యాను చుట్టూ ఈగలా తిరిగింది.

బేకరీ అరుగు మీద మెర్వ్ మాంసం కూరిన 'పై' రొట్టె తింటున్నాడు. బొద్దుగా, ఎర్రగా, గడ్డం మీద టొమాటో సాసుతో. డెల్మా అతని ముఖం చూడలేదు, బూట్లు చూసింది.

"ఏంటి డెల్మా, కొంటావా? జత ఇచ్చేస్తా."

"మడమ అరిగింది."

"మనిషే అరిగిపోయాడు, మడమదేముంది!"

"గేటు దగ్గర నీకేం పని?"

"ఏ గేటు?"

"ఊళ్ళో పది గేట్లున్నట్టు అడుగుతావేం?"

"ఇన్‌స్పెక్టరమ్మా, పై తింటున్నవాణ్ణి విచారించకూడదు, పాపం తగులుతుంది." మెర్వ్ పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"బాట మూసినప్పట్నించీ నీ వ్యాను చల్లారట్లేదు. లోపలికెళ్ళి ఎవడైనా కాలు విరగ్గొట్టుకుంటే బాట ఇంక తెరవరు. నీకది పండగే."

మెర్వ్ నవ్వు ఆగింది. మిగిలిన రొట్టె ముక్క కాగితంలో పెట్టాడు. "వచ్చిన ప్రతివాడికీ లోపలికి పోవద్దని గొంతు చించుకుని చెప్తున్నా."

"చెప్పేది వ్యానువాడైతే వినేవాడికి కిరాయే కనబడుద్ది."

"నిజమే" అన్నాడు మెర్వ్ మెల్లిగా. కాసేపు ఆమె వైపే చూశాడు. "నీ దండెం మీద నల్లటి గుడ్డలు ఆరేసి ఉంటున్నాయి, ప్రతి మంగళవారం. పొయ్యి పొగ చిమ్ముతోందా ఏంటి?"

మాట మారుస్తున్నాడు, అనుకుంది డెల్మా. తప్పు చేసినవాడే మాట మారుస్తాడు.

గుడ్డల సంగతి వేరు. ప్రతి మంగళవారం డెల్మా తన ఇంటి వెనక గొర్రెల మేత పొలం దాటి, మంటలు పాకకుండా దున్ని వదిలిన పట్టీ వెంబడి, తన దగ్గరున్న బండ్ల గేటు తాళంచెవితో పని లేకుండా బాటలోకి దిగేది. మూసివేత బాటసారులకు గానీ బాటను సాకేవాళ్ళకు కాదని ఆమె లెక్క. ఎవరినైనా అడిగితే వద్దంటారు కనుక అడగలేదు.

లోపల అడవి నల్లగా నిలబడి ఊపిరి పీల్చుకుంటోంది. ఆకాశమంత ఎత్తు కారీ చెట్లు నడుము దాకా బొగ్గు. ఆ బొగ్గులోంచే, కొమ్మల కోసం ఆగలేక, నేరుగా మాను మీద పచ్చటి చిగురు నూగులా పొడుచుకొచ్చింది. తొలి వానలకు బూడిద తడిసి, పాత పుస్తకం తెరిచినట్టు వాసన. డెల్మా బెరడు ఊడ్చింది. అడ్డం పడిన సన్న మానులు కోసి పక్కకు దొర్లించింది. సబ్బునీళ్ళ డబ్బాలో గుడ్డ ముంచి ఒక్కొక్క బిళ్ళా తుడిచింది. మసి పోయి పసుపు బయటపడిన ప్రతిసారీ, ఆ చీకటి మానుల మధ్య ఎవరో దీపం వెలిగించినట్టుండేది. రేపు తెరిచే రోజున ఒక్క ఆకు కూడా అడ్డం ఉండకూడదు, అంతే ఆమె కోరిక.

అక్కడక్కడ నేలలోంచి సన్నగా ఆవిరి లేచేది. వేళ్ళ లోపల నిప్పు నెలల తరబడి నిద్రపోతుందని, మాను కాలిపోయినా వేరు కాలుతూనే ఉంటుందని, పైన మట్టి పొర అప్పడంలా నిలుస్తుందని యార్నప్‌లో పసిపిల్లలకీ తెలుసు. ఆవిరి కనబడితే ఆమె పాదం దానంతటదే పక్కకు తిరిగేది. తిరిగిందని కూడా ఆమెకు తెలిసేది కాదు.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం, వంతెన దగ్గర యంత్రం ఆపి టీ తాగుతున్న పనివాళ్ళకు ఏటి ఇవతల అడవిలోంచి ఆడమనిషి కేక వినబడింది. హెస్టర్ అనే ఆమె, అడిలైడ్ నుంచి భర్త నీల్‌తో నడుస్తూ వచ్చింది. బాట అంచున మట్టి పొర కూలి, మోకాలి దాకా వేరుగోతిలో దిగబడింది. అడుగున నిప్పు. పనివాళ్ళు పైకి లాగి, తడి గోనెలు చుట్టి మోసుకొచ్చారు. అంబులెన్సు వచ్చేదాకా ఊరి హాల్లో పడుకోబెట్టారు. కబురు తెలిసి డెల్మా వెళ్ళేసరికి జోడీ వానకోటు కూడా విప్పకుండా నిలబడి ఉంది. మూలన మెర్వ్ టోపీ చేతుల్లో నలుపుతున్నాడు.

వీడు ఇక్కడికీ వచ్చాడు, అనుకుంది డెల్మా. తిన్నగా హెస్టర్ బెంచీ దగ్గరికి వెళ్ళింది. "నొప్పిగా ఉందా అమ్మా? ఒక్క మాట అడుగుతాను. మిమ్మల్ని లోపలికి వెళ్ళమన్నది ఎవరు? అదిగో, ఆయనేనా?"

హెస్టర్ తల తిప్పి చూసింది. "ఆయనా? వెళ్ళొద్దని చేతులు పట్టుకున్నంత పని చేశాడు. కింద నిప్పుంది అన్నాడు." నొప్పికి పళ్ళు బిగించింది. "వ్యాను ఎక్కించడానికి చెప్తున్నాడనుకున్నాం."

"మరి బోర్డు?"

ఈసారి నీల్ అన్నాడు. "బోర్డులు తియ్యడం అందరూ మర్చిపోతారు కదండీ, దారంతా చూస్తూనే వచ్చాం. ఇక్కడ లోపలికి తొంగి చూస్తే ఊడ్చిన వాకిలిలా ఉంది. బిళ్ళలైతే అద్దాల్లా మెరుస్తున్నాయి. మా కోసమే ఎవరో తయారుచేసి పెట్టినట్టు..."

హాల్లో రేకుల కప్పు మీద వాన ఒక్కసారిగా పెద్దదైంది. డెల్మాకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వేలి గోళ్ళ సందుల్లో మసి ఇంకా ఉంది.

"మా శాఖ మనుషులు లోపలికి వెళ్ళనేలేదు" అంది జోడీ. "బిళ్ళలు తుడిచిందెవరు?" ఆమె చూపు హాలంతా తిరిగి మూలన ఆగింది. "మెర్వ్, రోజూ తెల్లారి నిన్ను గేటు దగ్గర చూశామని వంతెనవాళ్ళు చెప్పారు."

"బోర్డు పడిపోతుంటే నిలబెడుతున్నా. కాస్త లోపలికెళ్ళి కేకేసి వస్తున్నా, ఎవరన్నా దూరారేమోనని."

"కేకేసి వస్తున్నావా, దారి చేసి వస్తున్నావా? బాటసారుల్ని తిప్పే అనుమతి నీకిచ్చింది మేమే. రేపట్నించి అది ఉండదు. ఇంకేమన్నా చెప్పేదుందా?"

మెర్వ్ టోపీని ఇంకో చుట్టు తిప్పాడు. డెల్మా వైపు చూడలేదు. చూడకపోవడమే చూడటం కన్నా గట్టిగా తగిలింది ఆమెకు. తెలుసు వీడికి. దండెం మీది గుడ్డలు చూసిన రోజునుంచీ తెలుసు. ఎందుకు చెప్పడు? ఏం కావాలి వీడికి?

నోరు మూసుకుని ఇంటికి వెళ్ళొచ్చు. అపరాధి దొరికాడంటే పైవాళ్ళు శాంతిస్తారు. దుర్మార్గుడొకడు చేసిన పనికి బాటనెందుకు మార్చాలి అనుకుంటారు. వసంతానికి పాత దారే తెరుస్తారు. లెస్ తవ్విన గాడులు, లెస్ పరిచిన రాళ్ళమెట్లు, అన్నీ ఉంటాయి. ఒక్క మెర్వ్ ఉండడు, అంతే. అంతలో ఆమె తన మీద తనే నిఘా వేసింది. వీడు చేశాడని నాలుగు వారాలుగా ఎందుకంత ఖాయంగా అనుకున్నావే, డెల్మా?

"నేనే" అంది.

జోడీకి వాన చప్పుడులో వినబడలేదు.

"ఊడ్చింది నేను. తుడిచింది నేను. వాడు నిలబెట్టిన బోర్డు వెనక, పిలిచినట్టు వాకిలి చిమ్మింది నేను. అతని అనుమతి జోలికి వెళ్ళకు." బెంచీ వైపు తిరిగింది, కానీ హెస్టర్ కాలి కేసి చూడలేకపోయింది. "ఆవిరి లేచేచోట నేను తప్పుకుని నడిచాను తల్లీ. మీకు తెలియదని తట్టలేదు."

హెస్టర్ కళ్ళు మూసుకుంది.

జోడీ చెయ్యి చాపింది. "మిసెస్ ప్రౌస్, గేటు తాళంచెవి ఇవ్వండి." అన్నేళ్ళలో ఆ అమ్మాయి తనను అలా పిలవడం అదే మొదటిసారి.

పైవాళ్ళు ఆట్టే ఆలోచించలేదు. బాట తూర్పు గుట్ట మీదికి పోతుంది. ఏటి మీది వంతెన ఫైరింజన్ల కోసం మాత్రం కడతారు. పాత ముక్కలో బిళ్ళలు పీకేయాలి. ఇంకెవరో పీకడం కన్నా తనే పీకుతానని డెల్మా అడిగింది. ఒంటరిగా వెళ్ళకూడదని జోడీ షరతు పెట్టింది. ఊళ్ళో వస్తానన్నది మెర్వ్ ఒక్కడే.

స్క్రూడ్రైవరు ఆమె చేతిలో, బిళ్ళలు వేసే సంచి అతని చేతిలో. ఆవిరి ఎక్కడుందో చూసుకుంటూ వెనక్కి నడిచారు, ఏటి నుంచి గేటు వైపు.

"ఆ రోజు చెప్పెయ్యొచ్చుగా, నేనని" అంది డెల్మా.

"నువ్వే చెప్తావనుకున్నా."

"చెప్పకపోతే?"

"వ్యాను అమ్మేసి పడుకునేవాణ్ణి. నడుం నెప్పి."

ఆమె ఆగి అతని ముఖం పరీక్షగా చూసింది. ఇంత మంచితనం ఊరికే రాదు. "నీకేం కావాలి మెర్వ్? నిజం చెప్పు."

"మాంసం పై ఒకటి కొనిపెట్టు, చాలు."

"అంతేనా?"

"అంతే అంటే నమ్ముతావా?"

"నమ్మను."

మొదటి మాను దగ్గర బిళ్ళ ఊడి వచ్చింది. కింద, బిళ్ళ కప్పిన మేర, బెరడు కాలలేదు. నల్లటి మాను మీద మూడు మూలల తెల్లటి గుర్తు, రేకుకన్నా స్పష్టంగా, ఏటి వైపే చూపిస్తోంది. బిళ్ళ పోయినా లోపలికి పిలుస్తూనే ఉంది. డెల్మా పక్క మాను నుంచి గుప్పెడు బొగ్గు గీకి, అరచేత్తో ఆ తెలుపు మీద రుద్దసాగింది, అంచుల దాకా, కొస దాకా.

"ఇక్కడ ఇంకా కనబడుతోంది" అన్నాడు మెర్వ్, వెనక నుంచి.

"తెలుసు" అంది డెల్మా. ఇంకో గుప్పెడు తీసుకుంది.