ఎనిమిది దెబ్బలు

భూమిలోకి గొట్టం దిగడానికి ఇనుప దిమ్మె ఎన్ని దెబ్బలు కొట్టిందో మట్టి పరీక్షల ఇంజనీరుగారు స్వయంగా లెక్కపెట్టేవారు. అయినా రాసే ముందు నన్ను అడిగేవారు: "మేస్త్రీ, నీ లెక్కెంత?" ఇద్దరి లెక్కా కలిస్తేనే పెన్ను తీసేవారు. బడి ముఖం చూడని నన్ను అలా అడిగినవారు ఇంకొకరు లేరు.

తెలంగాణ బంద్ రోజు ఎల్‌బీ నగర్ రోడ్డు నిశ్శబ్దంగా ఉంది. ప్రతి దెబ్బా వినబడింది. అపార్టుమెంటు కట్టబోయే పూడ్చిన కుంటలో గొట్టం ఎనిమిది దెబ్బలకే దిగిపోయింది.

"వదులు మట్టి. భూమి కదిలితే ఐదంతస్తులూ కుంగిపోతాయి," అన్నారాయన.

బిల్డరు నవ్వాడు. "గీడ భూకంపం యాడికెల్లి ఒస్తది సారూ? ఇరవై ఎనిమిది రాయుండ్రి, గట్టి నేలనుకుంటరు."

ఆయన నా కళ్లముందే ఎనిమిది రాశారు.

స్లాబు వేసేనాడు రిపోర్టు నా చేతికొచ్చింది. అంకెలు కూడబలుక్కుని చదివాను. ఇరవై ఎనిమిది! కింద ఆయన సంతకమే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఇంటికి పోయి నిలదీశాను.

"ఏంది సార్ ఇది? ఇద్దరి లెక్క కలవకుండ ఎట్ల రాసిన్రు?"

ఆయన తలెత్తలేదు. "ఎనిమిదే మేస్త్రీ. నువ్వైనా మర్చిపోకు."

మర్చిపోలేదు. ఆ అపార్టుమెంటులో అద్దెకు దిగేవాళ్లను గేటు దగ్గర ఆపి ఇప్పటికీ చెబుతున్నాను.