ఇటికల దిబ్బకు తూర్పు వాలు

జొన్నాడ దగ్గర ఇటుక బట్టీల పక్కనుంచి బస్సు వెళ్ళినప్పుడల్లా, కాలిన ఊక మీద వాన పడ్డ వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. పక్క సీటువాళ్ళు ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం తొంభైల నడుమ, రాజోలు దగ్గర మా ఊరి ఇటికల దిబ్బ మీదికి వెళ్ళిపోతాను.

మాది నీటి నేల. ఎక్కడ రెండు మూరలు తవ్వినా బురద ఊరుతుంది. వరిచేలకూ కొబ్బరితోటలకూ నడుమ ఇంటి కప్పంత ఎత్తున లేచిన ఆ దిబ్బ ఒక్కటే పొడి నేల. శ్రావణంలో వరదొస్తే గేదెల్ని దాని మీదే కట్టేవారు. తాటిపళ్ళు రాలే రోజుల్లో పిల్లలం టెంకలన్నీ పోగేసి పడమటి వాలులో పాతర వేసి, చలికాలంలో తేగలు తవ్వి, కాల్చి, పీచు తీసి, లోపల చందమామ అనే లేత మొవ్వు నాకంటే నాకని కొట్టుకునేవాళ్ళం.

తూర్పు వాలులో మాత్రం ఎవరూ పాతర వేసేవారు కాదు. పాలపళ్ళైనా రాకముందే పోయిన పిల్లల్ని మా వైపు కాల్చరు, పూడ్చిపెడతారు; నీళ్ళలో పూడ్చలేక ఊళ్ళో అలాంటి పసివాళ్ళందరినీ అక్కడికే తెచ్చేవారు. నా తరువాత పుట్టి, పేరైనా పెట్టకముందే తొమ్మిదో రోజున పోయిన మా చెల్లి అక్కడే ఉంది. రాయి లేదు, గుర్తు లేదు. ఆ మాట ఇంట్లో ఎత్తేవారూ లేరు. నాగుల చవితినాడు ఆడవాళ్ళు పుట్టలో పాలు పోయడానికి దిబ్బ ఎక్కి, చలిమిడీ చిమ్మిలీ వడపప్పూ అక్కడ పెట్టి, గ్లాసు అడుగున కాసిని పాలు మిగుల్చుకునేవారు. వాళ్ళలో కొందరు తూర్పుకు దిగేవారు. అమ్మా దిగేది. పాలు నేల మీద ఒంపి, చిటికెడు చలిమిడి పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. ఎందుకని అడిగితే, "పాముకేనే అమ్మలూ. అటూ ఇటూ తిరుగుద్ది కదా," అనేది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. పెంకుటింట్లో ఉన్న ఊరి లైబ్రరీలో మూడు బీరువాలనూ రెండేసిసార్లు చదివానని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. అందులో ఐర్లాండు పల్లెల గురించి అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది: గడ్డి మొలిచిన దిబ్బల కింద వేల ఏళ్ళనాటి రాతి సమాధులు, పైకప్పు కూలిన మఠాలు, ఏడాదిలో అతి చిన్న పగళ్ళున్న రోజుల్లో సమాధి గదిలోకి పాకే తొలి ఎండ. అలాంటివి చూడాలన్న నా గొడవ పడలేక లైబ్రరీ మేష్టారు ఒక ఆదివారం నన్నూ తన కూతుర్నీ బస్సెక్కించి, గోదావరి దాటి మెట్టలో రాకాసిగుళ్ళు చూపించారు. నాలుగు బండలు నిలబెట్టి పైన ఇంకో బండ కప్పిన గూళ్ళవి. రాక్షసులు కట్టుకున్న ఇళ్ళని మేకలు కాసే ముసలాయన చెబుతుంటే నేను ఆగలేకపోయాను.

"కాదు తాతా, ఇవి సమాధులు. లోపల ఎముకలుంటాయి."

"ఉంటే ఉండనీయే. నీ సొమ్మేం పోయింది?" అని నవ్వాడాయన.

తిరిగొచ్చేటప్పుడు మేష్టారికి మా దిబ్బ సంగతి చెప్పాను. మర్నాడు ఆయన వచ్చి అక్కడి ఇటుకను కొలిస్తే రెండు జానల పొడుగు తేలింది. "బౌద్ధుల స్తూపమే అయ్యుంటుందమ్మా. పురావస్తు శాఖవాళ్ళకి నువ్వే ఉత్తరం రాయి," అన్నారు. ఇటుక కొలత, అందులోని ఊక గుర్తులు, దిబ్బ చుట్టుకొలత, అన్నీ రెండు పేజీల్లో రాశాను. తూర్పు వాలు సంగతి రాయలేదు. రామచంద్రపురం నుంచి వచ్చిన మేష్టారికి అది తెలియదు, నేనూ చెప్పలేదు. మరచిపోయి కాదు. పసిపిల్లల గోతులున్నాయంటే, ఇదేదో మామూలు దిబ్బే అనుకుని రారేమోనని.

కోతలయ్యాక జీపు వచ్చింది. ఆఫీసరు గారు తూర్పు నుంచి మొదలుపెడతామంటే ఊరి పెద్దలు అడ్డం వెళ్ళారు గానీ, ఎందుకో చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

"అటేపు వద్దండీ. పాములుంటాయండీ."

"పాములు మాకు అలవాటేనండి," అన్నారాయన.

రెండో రోజు పొద్దున్నే చిన్న చిన్న ఎముకలు బయటపడ్డాయి. ఒకచోట పూసలు గుచ్చిన నల్ల మొలతాడు. ఆఫీసరు గారే పలుగులు ఆపించి, టోపీ తీసి, "ఇవి పాతవి కావు. ఎవరివో చెబితే అప్పగిస్తాం," అన్నారు. చివరికి గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్ళలోంచి మా అమ్మ కిందికి దిగి, చాప మీద వరసగా పెట్టినవన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఏది నాదని చెప్పనండీ?"

ఆయన తల దించుకుని, నా వైపు తిరిగి, మెల్లగానే అడిగారు: "ఉత్తరంలో ఇది రాయలేదే, పాపా?"

అమ్మ విన్నది. మళ్ళీ చాప వైపు తిరిగింది. పక్కింటి అత్తయ్య మాత్రం ఊరుకోలేదు. "అన్ని పుస్తకాలు చదివేవు. పాములంటే ఏంటో తెలీదటే నీకు?"

అన్నిటినీ ఒకే బుట్టలోకి ఎత్తి, కొత్త గుడ్డ కప్పి, మగవాళ్ళు గోదావరి పాయలో కలిపారు. ఆ ఏడు నాగుల చవితికి అమ్మ పుట్టకు పాలు తీసుకెళ్ళలేదు. మళ్ళీ ఆ దారినే నడవలేదు.

చాలా ఏళ్ళకు ఇంకో లైబ్రరీలో చదివాను: బాప్తిస్మం కాకుండా పోయిన పసివాళ్ళకు చర్చి శ్మశానంలో చోటివ్వక, ఐర్లాండులోనూ ఇలాంటి పాత దిబ్బల్లోనే పూడ్చేవారట. ఆ అట్ట ఊడిన పుస్తకంలో ఇది లేదో, ఎముకల బొమ్మల ఆత్రంలో నేనే దాటేశానో తెలియదు.

ఇప్పుడు దిబ్బ చుట్టూ ఇనుప కంచె, గుండ్రంగా సర్దిన నాలుగు వరసల ఇటుకలు, బోర్డు, కోసిన పచ్చిక. పుట్ట లేదు, తేగల పాతర లేదు, గేదెలు ఎక్కిన దారి లేదు. ఎవరైనా చూడ్డానికొస్తే ఊళ్ళోవాళ్ళు నాకే కబురు పెడతారు, నేనే అన్నీ విప్పి చెబుతాను. మొన్న శీతాకాలంలో పిల్లల్ని తీసుకొచ్చిన ఒక టీచరమ్మ కంచె పట్టుకుని అటు చూపిస్తూ, "ఆ తూర్పు వైపు ఏం దొరికిందండీ?" అని అడిగింది. పిల్లలు పెన్నులు తీసి రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు.

"అక్కడేమీ దొరకలేదండీ," అన్నాను.

వాళ్ళు అదే రాసుకున్నారు.