ఉరుముకు ఆలివ్ పొగ

ఆకాశం కాస్త గుర్రుమంటే చాలు, దెల్మీరా ముసలమ్మ గబగబా కిటికీలు మూస్తుంది, నిలువుటద్దం మీద దుప్పటి కప్పుతుంది, ఆపైన ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు చర్చిలో ఇచ్చిన ఆలివ్ కొమ్మ విరిచి పెనం మీద కాలుస్తుంది. పోర్చుగల్ ఉత్తరాన, బస్సు కూడా ఎక్కలేని బరోజు కొండల్లో వాళ్లమ్మ అలాగే చేసేది. ఆ పొగ చూస్తే వడగళ్లు రై అనే ధాన్యపు చేలను వదిలి పక్కకి పోతాయని నమ్మకం. నల్లటి రై రొట్టె ఉంటేనే ఊరికి చలికాలం గడిచేది. సముద్రం దాటి కేంబ్రిడ్జ్ వచ్చి ఒక జీవితకాలం అయింది. ఇక్కడ ఆమె సేద్యమంతా పెరట్లో నాలుగు క్యాబేజీ మొక్కలు. అయినా ఉరుము వింటే ఆలివ్ కొమ్మలు దాచిన డబ్బా వెతుక్కుంటుంది.

ఈ సాయంత్రం డబ్బా తెరిస్తే ఖాళీ. కాళ్ల నొప్పులతో ఈ ఏడు చర్చికి వెళ్లనే లేదు. అంతలో ఇల్లదిరేలా పిడుగు పడి కరెంటు పోయింది. ఖాళీ పెనం పట్టుకుని ఆమె కొయ్యబారిపోయింది. బేస్‌మెంట్‌లో అద్దెకుండే కాలేజీ పిల్ల నిఖిల చెవులు మూసుకుని పరుగున మెట్లెక్కి వచ్చింది.

"అర్జునా, ఫల్గుణా... అర్జునా, ఫల్గుణా..."

"ఏంటది?" అంది దెల్మీరా.

"పిడుగు మీద పడకుండా ఆంటీ. మా ఊళ్లో అందరం అనుకుంటాం. థండర్ అంటే నాకు చచ్చే భయం!"

దెల్మీరా పెనం వదిలేసి ఆ పిల్ల చేతులు గట్టిగా పట్టుకుంది.

"నాకూ నేర్పు. ఇద్దరం గట్టిగా అరుద్దాం," అంది. "మా ఊరి రై చేను చాలా దూరం. అక్కడిదాకా వినిపించాలి."