పదకొండింటికి పోయే నెట్టు

మా బాపు పేరు హన్మంతు. బయ్యారం దగ్గరి తండాలో పుట్టి, మానుకోటలో లెక్కల సారయ్యాడు. ఇంట్లో మేం లంబాడీలోనే మాట్లాడుకుంటాం. కోపం వస్తే మాత్రం బాపు తెలుగులోకి దిగుతాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్నప్పుడు ఒక మూడు రోజులు మా ఇంట్లో దాదాపు తెలుగే వినబడింది. కారణం నెట్టు.

బాపుకు ఒక జబ్బుంది. ఏది చెడిపోయినా తనే బాగుచేయాలి. మిక్సీ విప్పి బిగించాక రెండు స్క్రూలు మిగిలితే, "కంపెనోడు గవి ఎక్కువ ఏసిండు" అన్నాడు. అప్పటినుంచి అమ్మ పచ్చడి రోట్లోనే నూరుతోంది.

ఇంజనీరింగ్ సీటు కోసం నేను కాలేజీల పేర్లు వరుసగా నెట్టులో పెట్టాలి. గడువు బుధవారం సాయంత్రం ఐదు. అది దాటితే ఏడాది గోవిందా. బంద్ కాబట్టి నెట్ సెంటర్లు షట్టర్లు దించాయి. బస్సులు లేవు. మిగిలింది ఇంట్లో ఉన్న లాప్‌టాపే.

సోమవారం పొద్దున నెట్టు బాగానే వచ్చింది. పదకొండు దాటాక నత్తనడక మొదలైంది. పేజీ సగం తెరుచుకుని అక్కడే ఆగిపోయేది. పన్నెండింటికి తెర మూలన, నెట్టు లేదని చెప్పే పసుపు ముక్కోణం వచ్చి కూర్చుంది. సాయంత్రం నెట్టు కాస్త కోలుకునేసరికి కరెంటు పోయింది. బొగ్గుబాయి కార్మికులూ సమ్మెలో ఉన్నారు మరి. మంగళవారం కూడా ఇదే తంతు. బుధవారం నాలుగు పేర్లు పెట్టానో లేదో పదకొండైంది. మళ్లీ ముక్కోణం. ఈసారి మోడెం మీది లైటు కూడా ఆరిపోయింది.

బాపు చొక్కా చేతులు మడిచాడు. మోడెం ఆపి, ముప్పై దాకా లెక్కపెట్టి మళ్లీ వేశాడు. తీగల కొసలు ఊదాడు. వైర్లు మార్చాడు. లాప్‌టాపులో ఏవేవో తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఆ దెబ్బకు నేను దాచుకున్న కాలేజీల జాబితా కూడా పోయింది. నాకు ఏడుపొచ్చింది. చివరికి మోడెంను బియ్యం డబ్బా మీదికి ఎక్కించి, "ఎత్తుల ఉంటే మంచిగ అందుతది" అన్నాడు.

"తీగల వచ్చేదానికి ఎత్తెందుకు బాపూ? ఫోన్ల లైన్‌మన్ సోమనర్సయ్యను పిలుద్దాం."

"సుమా, సారును నేనా, నువ్వా? నేనే చేస్త. ఒకల కాళ్లెందుకు మొక్కాలె?"

రెండయ్యేదాకా ఓపిక పట్టి, ఇక పట్టలేక, రెండు సందుల అవతలున్న సోమనర్సయ్యను నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. ఆయన లాప్‌టాపు ముట్టుకోలేదు. మోడెం పక్కనున్న ల్యాండ్‌లైన్ ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. గరగర కూడా లేదు.

"ఎప్పటిసంది పోతున్నది సారూ?" అని అడిగాడు.

మూడు రోజుల్లో ఆ ఒక్క ప్రశ్న మా ఇంట్లో ఎవరూ వేసుకోలేదు. "సోమవారంసంది. రోజూ పదకొండింటికి," అన్నాను నేను.

"పదకొండింటికి ఈడ ఏమైతది?"

బాపు తలుపులోంచి బయటికి చూశాడు. మా సందు మలుపులో, మెయిన్ రోడ్డు పక్కన, సోమవారం నుంచి సమ్మెలో ఉన్న సార్లంతా వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే వండి, అక్కడే తిని నిరసన తెలపడం. రోజూ పదకొండింటికి పొయ్యి అంటిస్తారు. ఆ పొయ్యికి గుంత తవ్వింది బాపే. గడ్డపారకు ఏదో తగిలితే చెట్టు వేరనుకుని పైన ఇంత మట్టి కప్పాడట. ఆ మాట మెల్లగా లంబాడీలో చెప్పాడు.

"అయితే మూడొద్దులసంది నెట్టును నువ్వే వండుతున్నవు బాపూ," అన్నాను. నా కోపానికి కూడా తెలుగే దొరికింది.

ముగ్గురం పరుగున వెళ్లాం. పొయ్యి మీద పెద్ద గుండిగ. అందులో రెండో బంతి అన్నం సగం ఉడికింది. పళ్లాలు పట్టుకుని రెండు వందల మంది కూర్చున్నారు.

"జర పొయ్యి ఆర్పాలె. కింద ఫోన్ తీగ కాలుతున్నది," అన్నాడు బాపు.

"ఒక్క తీగ పోతే ఏమైతది సారూ? ఇంటి నష్టం సూసుకుంటే తెలంగాణ రాదని రోజూ మైకుల నువ్వే చెప్తివి గద!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

బాపు బిడ్డ సీటు కోసమని ఒక్క మాట చెప్పలేకపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తండా నుంచి వచ్చి అన్నం కలుపుతున్న కమ్లీ పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, "ఐదింటికి నా సీటు పోతది పెద్దమ్మా," అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టి, మండుతున్న కట్టె ఒకటి బయటికి లాగింది. "అన్నం జర ఆలస్యమైతే ఎవలు సావరు. గుండిగ దించుండ్రి!"

నలుగురు పట్టి దించారు. గుంతలో నీళ్లు పోశారు. సోమనర్సయ్య మట్టి తీస్తే తీగ పైతొడుగు బెల్లం పాకంలా కరిగి ఉంది. అతుకు పడేసరికి నాలుగూ ఇరవై. ఈలోగా బాపు నాలుగు గజాల అవతల ఇంకో గుంత తవ్వాడు. ఈసారి అంగుళం అంగుళం చూసుకుంటూ తవ్వాడు. గుండిగ మళ్లీ పొయ్యెక్కింది. నేను ఇంటికి ఉరికాను.

మోడెం లైటు మిణుకుమిణుకుమంటుందే కానీ నిలవదు. నాలుగున్నర దాటింది. అప్పుడు మైకులో బాపు గొంతు వినబడింది. మైకులో ఆయన ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడతాడు. బజార్లో నేను లంబాడీ మాట్లాడితే నలుగురూ నవ్వుతారని గుడ్లురిమే మనిషి. ఆ మనిషి ఊరందరికీ వినబడేలా, లంబాడీలో, "బిడ్డా సుమా, లైటు నిలిచిందా?" అని అడుగుతున్నాడు.

డాబా మీదికెక్కి, "ఇంకా లేదు!" అని అరిచాను. కిందికి వచ్చేసరికి లైటు నిలిచింది. గుర్తున్న పేర్లన్నీ కొట్టాను. అన్నీ నమోదయ్యాయని తెర మీద పడేసరికి ఐదుకు రెండు నిమిషాలు.

మళ్లీ డాబా ఎక్కాను. అన్నం వడ్డించి ఉంది. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. అందరూ మా డాబా వైపే చూస్తున్నారు. బాపు చేతిలో మైకు ఇంకా అలాగే ఉంది.

"అయిపోయింది బాపూ, ఇగ మీరు తినుండ్రి!" అని లంబాడీలోనే అరిచాను.