నాకని తెచ్చిన కుక్కపిల్ల

మా మామయ్యగారు అబద్ధమాడే మనిషి కాదని ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. నేనూ అదే చెప్పేదాన్ని. అందుకే ఒక మధ్యాహ్నం ఆయన అన్నం తింటూ, "పక్క ఊళ్ళో తెలిసినాయన ఇంట్లో కుక్క పిల్లల్ని పెట్టిందమ్మాయ్. నీకోదాన్ని తెస్తా. పగలంతా ఒక్కదానివే ఉంటన్నావు, తోడుంటది" అన్నప్పుడు, పప్పు గరిట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కుక్కపిల్ల కావాలని చిన్నప్పుడు నేను ఏడవని ఏడుపు లేదు. గుంటూరు బ్రాడీపేటలో మేం అద్దెకున్న వాటాలో గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళని అడగాలి, ఇక కుక్క సంగతి చెప్పేదేముంది. పెళ్ళయి ఈ పల్లెకొచ్చాక మా ఆయన్ని అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఆయన పొద్దున్నే మంగళగిరి ఆఫీసుకి బస్సెక్కితే పొద్దుపోయాకే ఇల్లు చేరతారు. మామయ్యగారు మిరప చేలోనే ఉంటారు. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంత పెద్ద ఇంట్లో నేను, మిక్సీ, టీవీ. అలాంటిది, అడక్కుండానే ఆ మాట అన్నారాయన.

ఇక చూడాలి నా హడావుడి. కొట్టంలో మూలన మిగిలిపోయిన పత్తి తెచ్చుకుని, గింజలు చేత్తోనే తీసి, పాత లంగా గుడ్డలో కూరి చిన్న పరుపు కుట్టాను. గింజలు తీసీ తీసీ వేళ్ళు నొప్పెట్టాయి. దానికంటూ ఒక స్టీలు గిన్నె పక్కన పెట్టాను. వరండాలో ఎప్పుడూ ఉండే పురుగుమందు డబ్బాలు, స్ప్రేయరు తీసి దూరంగా పెట్టమని మామయ్యగారిని అడిగాను. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ కంపు భరించలేక మొత్తుకుంటున్నా ఆయన చెవిన పెట్టలేదు. కుక్కపిల్ల పేరు చెప్పగానే మారుమాట లేకుండా మోసుకెళ్ళి కొట్టంలో పెట్టి తాళం కూడా వేశారు. నా మీద ఎంత అభిమానమో అనుకున్నాను. ఆ పూట ఆయనకిష్టమని గోంగూర పచ్చడి చేశాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మిరప నారు నాటే రోజుల్లో తెచ్చారు దాన్ని, తువ్వాల్లో చుట్టి. బెల్లం రంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి, ఇంకోటి వాలిపోయి. నేను కుట్టిన పరుపు మీద ఒక్కరోజు పడుకుని, మర్నాడు దాన్ని చీల్చి పోగులు పెట్టింది. ఇల్లంతా పత్తే. తిట్టబోయి, దాని మూతికంటుకున్న దూది చూసి నవ్వేశాను. ముద్దుచేసి చిక్కటి గేదె పాలు పోస్తే విరేచనాలు పట్టుకున్నాయి. కూరగాయల బుట్టలో పెట్టుకుని బస్సులో గుంటూరు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "ఇది దూడ కాదమ్మా, పాలల్లో సగం నీళ్ళు కలిపి పట్టండి" అని ఆయన నవ్వాడు. అప్పట్నుంచీ పాలు కాస్తే ముందు దాని గిన్నెలోకే, సగం నీళ్ళతో. దొడ్లో జామచెట్టు వైపు వెళ్ళి పని కానిచ్చుకోవడం నేర్పాను. నేర్చుకునేదాకా తుడిచింది నేనే. నా చెప్పులు రెండు జతలు కొరికేసింది. అయినా నేను నీళ్ళ బిందెతో గుమ్మంలోకి వస్తే ఒళ్ళంతా తోకయి ఊగిపోయేది. నన్ను చూసి అంత సంబరపడ్డ ప్రాణి ఆ ఇంట్లో ఇంకోటి లేదు.

మామయ్యగారు కూడా దాని మీద ఓ కన్నేసి ఉంచేవారు. "బయటివాళ్ళ చేతి తిండి అలవాటు చెయ్యొద్దమ్మాయ్" అనేవారు. "పగలు కట్టేస్తేనే కుక్కకి పౌరుషం" అనేవారు. పాలిపోయిన తాలు మిరపకాయల బస్తా ఒకటి తెచ్చి సరిగ్గా దాని పడక పక్కనే పెట్టారు. అది తుమ్మలేక చచ్చిపోతుంటే నేను గోల పెట్టాను. "మన ఇంట్లో పెరిగేదానికి ఘాటు అలవాటవ్వాలి గదమ్మా" అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. పొద్దున్నే చేలోకి వెళుతూ దాన్ని కూడా వెంట తిప్పుకొచ్చేవారు. నాకు వంట పని కాస్త తేలికయ్యిందని సంతోషించాను. ఇంతకంటే వెర్రిబాగులది ఉంటుందా!

మిరప మొదటి కోతకొచ్చేసరికి మా అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యింది. చూసుకోవడానికి బ్రాడీపేట వెళ్ళి కొన్ని వారాలు ఉండిపోయాను. రోజూ ఫోనులో మా ఆయన్ని అడిగే మొదటి మాట అదే, కుక్క తిన్నదా అని. "ఆ, తిన్నది." "ఏం చేస్తోంది?" "పడుకుంది." ఒకసారి ఫోను దాని చెవి దగ్గర పెట్టండి, నా గొంతు వింటుందంటే, "నిద్రలో ఉంది, ఎందుకు లేపడం" అన్నారు. మా అమ్మ కంటికి కట్టుతోనే నవ్వి, "నీ పిచ్చి పాడుగాను" అంది.

తిరిగొచ్చేసరికి వరండాలో గొలుసు లేదు, గిన్నె లేదు, కుక్క లేదు. గేటు తీసి ఉంది, ఎవరన్నా ఎత్తుకుపోయారేమో అనుకున్నాను. వీధిలోకి పరిగెత్తితే, మా చేలో కాయ కోతకొచ్చే ఆవిడ ఎదురైంది. "కుక్కా? కల్లం కాడుందిగా! నీకు చెప్పలా? అందుకేగా తల్లీ పెంచింది!" అంది. పాపం, ఆవిడకేం తెలుసు, నాకు తెలియదని.

కోసిన మిరపకాయ ఆరేదాకా చేలో కల్లం మీదే ఉంటుంది. కాపలా లేకపోతే బస్తాలకు బస్తాలు మాయమవుతాయి. ఇదంతా నాకు తెలియంది కాదు. కల్లానికి కాపలా కుక్క కావాలని, దాన్ని నా చేత పెంచారని మాత్రం తెలియదు. కోత కూలీలకి తెలుసు, పాలవాడికి తెలుసు, నాతో కాపురం చేసే మనిషికి తెలుసు.

ఫోను చేసి కడిగేశాను. మా ఆయన కాసేపు విని, "ముందే చెబితే నువ్వంత బాగా పెంచేదానివా?" అన్నారు. కోపంతో అన్న మాట కాదది. మామూలుగానే అన్నారు. ఫోను పెట్టేశాను. నా ప్రేమని కూడా వీళ్ళు ఎరువులాగా కొలిచి వాడుకున్నారని అప్పుడు తెలిసింది.

స్కూటీ తీసి చేలోకి వెళ్ళాను. టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా పరుచుకున్న కాయ, దాని చివర కట్టుగుంజకి నా కుక్క. నన్ను చూసి మొరిగింది. పళ్ళు బయటపెట్టి, గొలుసు తెగేలా గుంజుతూ. నేను గట్టిగా పిలిచేసరికి గాలి వాసన చూసి, చెవులు వాల్చి, నేలకి పొట్ట ఆనించుకుని పాకుతూ వచ్చి నా పాదాల మీద పడింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. మామయ్యగారు మంచం మీద నుంచి లేచి నిలబడ్డారు. "ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది మామయ్యా?" అన్నాను.  ఆయన గొలుసు విప్పి నా చేతికిచ్చి, "తీసుకెళ్ళమ్మా, నీ కుక్కేగా" అన్నారు.

స్కూటీ ముందు నిలబెట్టుకుని తెచ్చాను. గుడ్డు కలిపి అన్నం పెడితే గిన్నె నాకేసింది. గెలిచాననుకున్నాను. సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర నిలబడి మూలగడం మొదలుపెట్టింది. పిలిస్తే వచ్చేది, ఒళ్ళు నిమిరితే నిమిరించుకునేది, మళ్ళీ గేటు దగ్గరికే పోయేది. పాలవాడు గేటు తీసిన మరుక్షణం సందులోంచి దూరి చేల వైపు పరుగు పెట్టింది. ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చూశాను. చూడలేదు.

మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే కల్లంలో మామయ్యగారి మంచం కింద ఉంది. ఆయన పైనుంచి కాలి బొటనవేలితో దాని చెవి గోకుతున్నారు, అది కళ్ళు మూసుకుని గోకించుకుంటోంది. నన్ను చూసి ఆయన గబుక్కున కాలు పైకి తీసుకున్నారు. గొలుసు లేదు మెడకి. ఎవరూ కట్టేయలేదు దాన్ని. నాకు వాళ్ళిద్దరి మీదా సమానంగా కోపం వచ్చింది.

కాయ అమ్మకానికి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళిపోయాక, పట్టాలు మడిచిన రోజున ఆయన వెనకే ఇంటికొచ్చింది. నా చేతి అన్నం తింటుంది, తోక ఊపుతుంది, నాకు చూపించాల్సిన మర్యాదంతా చూపిస్తుంది. తిన్నాక పోయి ఆయన మంచం కిందే పడుకుంటుంది. ఇంటికొచ్చిన చుట్టంతో ఉన్నట్టు ఉంటున్నాను దాంతో.

మొన్న వానలు పడ్డాక మామయ్యగారు మళ్ళీ తువ్వాల్లో ఏదో చుట్టుకుని వచ్చారు. ఈసారిది నల్లది, నుదుటి మీద తెల్ల మచ్చ. "దాన్ని నేనే లాక్కున్నా గదమ్మాయ్. ఇది మాత్రం నీకే" అని నా చేతుల్లో పెట్టారు. వెచ్చగా ఉంది. దాని గుండె టకటకా కొట్టుకోవడం నా అరచేతికి తెలుస్తోంది.

"ఏ కల్లానికి మామయ్యా?" అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "ఈ ఏడు కాలవ అవతల ఇంకో చేను కౌలుకి తీసుకున్నాంగా" అన్నారు, గొంతు తగ్గించి.

ఈసారన్నా నిజం చెప్పారు. కుక్కపిల్లని తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టేశాను. "అయితే మీరే పెంచుకోండి. నా వల్ల కాదు" అని వంటింట్లోకి వచ్చేశాను. ఆయన దాన్ని వరండాలో దించి, చేసేదేంలేక చేలోకి వెళ్ళిపోయారు. అది గడప ఎక్కలేక కుయ్యి కుయ్యిమంటోంది. ఏడిస్తే ఏడవనీ, నేను మాత్రం కదలనని పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. మనసు రాయి చేసుకున్నాను కూడా.

పొయ్యి మీద గిన్నెలో పాలు కాగుతున్నాయి. మరీ పల్చగా ఉన్నాయేమిటా అని చూస్తే, సగానికి సగం నీళ్ళు. ఎప్పుడు పోశానో నాకే తెలియదు.